తుపాను వస్తే అరకులో వ్యాపారాలకు ఏమవుతుంది? నష్టపోతే సాయం ఎక్కడి నుంచి వస్తుంది?

అరకు లోయకు అక్టోబరు నుంచి జనవరి దాకా సీజన్. పర్యాటకులు ఎక్కువగా వచ్చేది, కాఫీ పండు కోతకొచ్చేది ఈ నెలల్లోనే. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా ఇదే. మీరు అక్కడ హోమ్‌స్టే నడుపుతున్నా, రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్ముతున్నా, ఊళ్లో కాఫీ తోట ఉన్నా ఈ విషయాలు ముందే తెలుసుకోవడం మంచిది.

హుద్‌హుద్ ఏం చెప్పింది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఆ గాలికి మన్యంలోని కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కలపై పడ్డాయి. సిల్వర్ ఓక్ కాఫీకి నీడనిస్తుంది. మిరియాల తీగ పాకేదీ దాని మీదే. అంటే ఒక్క చెట్టు పడితే మూడు రకాల నష్టం. కొత్తగా నాటిన కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. నీడ చెట్టు ఎదగడానికి కూడా ఏళ్లు పడుతుంది.

తోట లేనివారికీ దెబ్బ తప్పదా?

తప్పదు. అరకుకు పర్యాటకులు ప్రధానంగా విశాఖ నుంచే వస్తారు. ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడినా, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం దెబ్బతిన్నా రాకపోకలు ఆగిపోతాయి. మీ లాడ్జికి చిన్న గీత పడకపోయినా గదులు ఖాళీగా ఉంటాయి. జీతాలు, అద్దె, బ్యాంకు వాయిదా మాత్రం ఆగవు.

ప్రభుత్వ సాయం ఎవరికి?

పంట 33 శాతం లేదా అంతకుమించి దెబ్బతింటే విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం పెట్టుబడి రాయితీ వస్తుంది. ఇందుకోసం ఈ-క్రాప్‌లో పంట నమోదై ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో ముందే చూసుకోండి. అటవీ హక్కుల పట్టా ఉన్నవారు పట్టాలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి.

దుకాణాలు, హోటళ్ల సంగతి వేరు. ఆ నిధి నిబంధనల్లో వీటికి ప్రత్యేక పద్దు లేదు. రాష్ట్ర ప్రభుత్వం విడిగా ప్రకటిస్తేనే సాయం అందుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల తర్వాత అలాగే జరిగింది. మునిగిన చిన్న దుకాణాలకు రూ.25 వేలు, చిన్న పరిశ్రమలకు టర్నోవరును బట్టి రూ.50 వేల నుంచి రూ.1.5 లక్షల వరకు ప్రకటించారు. ఇలాంటప్పుడు వ్యాపారం ఉన్నట్టు రుజువు కావాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అందుకు పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకోవచ్చు.

బీమాతో ఎంత భరోసా?

‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ 2021 ఏప్రిల్ నుంచి అందుబాటులో ఉంది. ఒక చోట ఆస్తి విలువ రూ.5 కోట్ల లోపు ఉన్న వ్యాపారాలకు ఇది వర్తిస్తుంది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద, కొండచరియల వల్ల భవనానికి, సరుకుకు జరిగే నష్టం ఇందులోకి వస్తుంది. పర్యాటకులు రాక పోయిన ఆదాయం మాత్రం రాదు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఈ తేడా తెలియక క్లెయిమ్ సమయంలో నిరాశపడేవారు ఉంటారు.

నష్టం జరిగిన రోజు ఏం చేయాలి?

• శిథిలాలు తొలగించే ముందే ఫొటోలు, వీడియోలు తీయండి. తేదీ కనిపించేలా చూడండి.
• బీమా కంపెనీకి వెంటనే సమాచారమివ్వండి. సర్వేయర్ చూసేదాకా పాడైన సరుకు పారేయొద్దు.
• నష్టం లెక్కించే బృందం వచ్చినప్పుడు అక్కడే ఉండండి. జాబితాలో మీ పేరు ఉందో లేదో సచివాలయంలో చూసుకోండి.
• బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. విపత్తు ప్రాంతాల్లో రుణ గడువు పొడిగించేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. ఇది మాఫీ కాదు, వాయిదా మాత్రమే.
• అత్యవసర సాయానికి 112, రాష్ట్ర కంట్రోల్ రూమ్‌కు 1070 నంబర్లకు ఫోన్ చేయండి.

బిల్లులు, పట్టా, పాలసీ కాగితాలను ఈ రోజే ఫోన్‌లో ఫొటో తీసి డిజీలాకర్‌లోనో, ఈ-మెయిల్‌లోనో దాచుకోండి. పెట్టె తడిసినా అవి పోవు.