ఏటీపీ కథలో మన భీమవరం సుబ్బారావు

వర్ధన్నపేట నుంచి పత్తి బస్తాలు ట్రాలీ ఆటోల్లో ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటాయి కదా. డీజిల్ లేకుంటే బండి కదలదు. మన కణంలో కూడా అంతే. సరుకును వెసికిల్స్ అనే బుల్లి సంచుల్లో నింపితే, కైనెసిన్ అనే మోటార్ ప్రోటీన్ వాటిని మోసుకుపోతుంది. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు. అడుగుకో ఏటీపీ అణువు ఖర్చు. ఆ ఏటీపీని ఎక్కువగా తయారుచేసేది మైటోకాండ్రియా.

ఇదంతా బైపీసీ పిల్లలకు తెలిసిందే. మరి ఏటీపీని కనిపెట్టింది ఎవరు? చాలా పుస్తకాల్లో ఒక్క పేరే ఉంటది: జర్మనీకి చెందిన కార్ల్ లోమన్, 1929. కానీ అదే ఏడాది అమెరికాలో ఇంకో ఇద్దరు విడిగా దాన్ని పట్టుకున్నారు. సైరస్ ఫిస్కే, ఆయనతో పాటు మన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిండు. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరిండు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తయారుచేసిండు. ద్రావణం ఎంత నీలంగా మారితే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు. చూడ్డానికి చిన్న పనే. కానీ ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్లే వస్తుందని అప్పటిదాకా నమ్మేవాళ్లు. ఆ నమ్మకం కదిలిపోయింది. ఆ దారిలోనే రెండేళ్లకు ఏటీపీ దొరికింది.

లోమన్ వ్యాసం ఆగస్టులో వచ్చింది, వీళ్లది అక్టోబర్‌లో. రెండు నెలల తేడా! అందుకే మొదటి పేరు లోమన్‌ది. అందులో అన్యాయం లేదు. రెండో పేరు చెప్పకపోవడమే అన్యాయం.

హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి పోయిండు. 1948 ఆగస్టులో చనిపోయిండు. కణంలో ఏటీపీ ఫ్యాక్టరీ మైటోకాండ్రియానే అని కెన్నెడీ, లెనింజర్ తేల్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. కైనెసిన్ బయటపడింది 1985లో. ఆ బండి ఏ డీజిల్‌తో నడుస్తుందో చెప్పినవాళ్లలో ఒకాయన మనోడు. ఈసారి నోట్స్‌లో ఏటీపీ పక్కన లోమన్ పేరు రాస్తే, ఫిస్కే, సుబ్బారావు పేర్లు కూడా రాయండి.