మయోస్టాటిన్ లోపం: కండ పెరిగినా దమ్ము ఎందుకు తగ్గుతుంది?

కండ పెరిగితే ఓర్పు కూడా పెరుగుతుందని సాధారణంగా భావిస్తారు. మయోస్టాటిన్ అనే ప్రొటీన్‌పై జరిగిన పరిశోధనలు ఇది అన్నివేళలా నిజం కాదని తేల్చాయి. ఈ ప్రొటీన్ లేని ఎలుకల్లో కండరాలు విపరీతంగా పెరిగినా, ఎక్కువసేపు పరుగెత్తే సామర్థ్యం మాత్రం తగ్గింది.

ఏమిటీ మయోస్టాటిన్?

అస్థిపంజర కండరాలు ప్రధానంగా ఉత్పత్తి చేసే ఈ ప్రొటీన్ వాటి పెరుగుదలకే కళ్లెం వేస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన సే-జిన్ లీ, అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్ తదితరులు 1997లో దీనిని వెల్లడించారు. సంబంధిత జన్యువును తొలగించిన ఎలుకల్లో కండరాల బరువు రెండు నుంచి మూడు రెట్లు పెరిగింది. బెల్జియన్ బ్లూ జాతి పశువుల భారీ దేహానికీ ఇదే జన్యువులోని లోపం కారణమని అదే ఏడాది తేలింది. జర్మనీలో అసాధారణ కండపుష్టితో పుట్టిన ఒక బాలుడిలోనూ ఇటువంటి లోపాన్ని 2004లో గుర్తించారు.

మైటోకాండ్రియాపై ప్రభావం

కండర తంతువులు స్థూలంగా రెండు రకాలు. నెమ్మదిగా సంకోచించే తంతువులు మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో శక్తిని తయారు చేసుకుని చాలాసేపు పనిచేస్తాయి. వేగంగా సంకోచించే తంతువులు ప్రధానంగా గ్లూకోజ్‌ను అప్పటికప్పుడు విచ్ఛిన్నం చేసుకుంటాయి. బలంగా పనిచేసినా త్వరగా అలసిపోతాయి. మయోస్టాటిన్ లోపిస్తే రెండో రకం తంతువుల వాటా పెరుగుతుంది. ఇటువంటి ఎలుకల కండరాల్లో మైటోకాండ్రియా తగ్గినట్లు, పరిమాణంతో పోల్చితే బలం కూడా తక్కువగా ఉన్నట్లు 2007 నాటి ఒక అధ్యయనం పేర్కొంది. అంటే కండ పెరిగినంతగా దానికి శక్తినిచ్చే వ్యవస్థ పెరగలేదు.

జీవక్రియకు మేలు

మరోవైపు, ఈ ఎలుకల్లో కొవ్వు తక్కువగా చేరుతుంది. ఇన్సులిన్‌కు శరీరం మెరుగ్గా స్పందిస్తుంది. రక్తంలోని గ్లూకోజ్‌ను అధికంగా వినియోగించుకునే అవయవం కండరమే కావడం ఇందుకు ఒక కారణం.

ఓర్పు మాటేమిటి?

శిక్షణ పొందని మయోస్టాటిన్ రహిత ఎలుకల్లో గరిష్ఠ వ్యాయామ సామర్థ్యం సాధారణ ఎలుకల కన్నా తక్కువని 2010లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అయితే నాలుగు వారాల శిక్షణతో వాటి మైటోకాండ్రియా ఎంజైమ్ చర్య పెరిగింది. వ్యాయామానికి అనుగుణంగా మారే గుణాన్ని ఆ కండరాలు కోల్పోలేదన్నమాట. లోపం మోతాదు కూడా కీలకమే. విప్పెట్ జాతి శునకాల్లో జన్యువు ఒక ప్రతిలో లోపం ఉన్నవి పందేల్లో వేగంగా పరుగెత్తగా, రెండు ప్రతుల్లోనూ లోపం ఉన్నవి మితిమీరిన కండతో స్థూలంగా తయారయ్యాయి.

చికిత్సలో సవాళ్లు

కండర క్షీణత వ్యాధులకు మయోస్టాటిన్ నిరోధకాలు ఔషధమవుతాయన్న ఆశ ఇంకా పూర్తిగా నెరవేరలేదు. డుషేన్ వ్యాధి బాలలపై జరిపిన ఒక ప్రయోగాన్ని ఆశించిన ఫలితం రాక 2018లో నిలిపివేశారు. బరువు తగ్గించే మందుల వల్ల కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుండటంతో, దానిని కాపాడేందుకు ఈ తరహా ఔషధాలను ఇప్పుడు పరీక్షిస్తున్నారు. క్రీడల్లో వీటి వాడకాన్ని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది.

ఇటువంటి ఔషధాల విలువను కండ బరువుతోనే నిర్ణయించలేం. రోగి ఎంత దూరం నడవగలుగుతున్నాడు, ఎంతసేపటికి అలసిపోతున్నాడు అన్నవే అసలైన కొలమానాలు.