వాసన దారిన వచ్చిన అతిథులు

రేడియో మీటను త్రిప్పగానే దూరపు నగరమునుండి మాట వినవచ్చుట మనకు వింత గాదు. కాని నిస్తంత్రీ వార్తలు లోకమునకు క్రొత్తగా నున్న రోజులలో, ఒక రెక్కల పురుగు కూడ అట్టి తరంగములనే పంపుచున్నదేమో యని ఒక పండితునికి సందేహము కలిగినది. ఆ సందేహము తీరిన విధమును మనమిప్పుడు ముచ్చటింతము.

ఆయన దక్షిణ ఫ్రాన్సులోని సెరిన్యాఁ గ్రామమున నివసించిన ఝాఁ ఆఁరీ ఫాబ్ర్ (1823-1915). ఒక మే మాసపు ఉదయమున ఆయన పనిగదిలో, రెక్కలపై నెమలికన్నులవంటి చుక్కలున్న ఆడ పురుగొకటి గూడు వెడలి వచ్చినది. దానిని తీగవల మూతక్రింద నుంచినారు. రాత్రి తొమ్మిది గంటలయ్యెనో లేదో, ఇల్లంతయు రెక్కల చప్పుడు. చీకటిలో, చెట్లకొమ్మలను దాటుకొని, నలువది మగ పురుగులు వచ్చి చేరినవి. ఆ జాతి ఆ ప్రాంతమున అరుదు. మరి వీనికి కబురందించిన దెవరు?

మన ముక్కునకు అక్కడ ఏ వాసనయు తెలియదు. గదినిండ కలరా ఉండల ఘాటు నింపినను అతిథులు దారి తప్పలేదు. అందుచేతనే ఫాబ్ర్‌కు తరంగముల తలపు వచ్చినది. ఆయన ఊహతో తృప్తి పడలేదు. ఆడ పురుగును రేకు, కొయ్య, అట్ట, గాజు పెట్టెలలో మార్చి మార్చి ఉంచినారు. మూత బిగించిన నాడు ఒక్కటియు రాలేదు. కొంచెము సందున్న చాలు, వచ్చినవి. మరియొక జాతిలో, గాజుక్రింద ఎదుటనే యున్న ఆడుదానిని విడిచి, అది రాత్రి గడపిన ఖాళీ పంజరముపైననే మగవి వ్రాలినవి. దీనితో పిలుపు వాసనదే యని తేలినది. ఈ పరిశోధనలు 1900లో వెలువడిన ఆయన గ్రంథపు ఏడవ సంపుటమున కలవు.

ఆ వాసన ఏ పదార్థము? దీనికి జవాబు 1959లో లభించినది. జర్మను శాస్త్రజ్ఞుడు అడోల్ఫ్ బూటెనాంట్, ఆయన సహచరులు ఇరువదేండ్లు శ్రమించి, సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగుల గ్రంథులనుండి కొలది మిల్లీగ్రాముల పదార్థమును వేరుచేసి, దానికి బాంబికాల్ అని పేరిడినారు. ప్రతి మెట్టునను పరీక్షకుడు మగ పురుగే. సరియైన ద్రవము తగిలిన గాజుకడ్డీని దాపునకు తెచ్చిన, అది రెక్కలాడించును.

అంతకు రెండేండ్ల ముందే, 1957లో, డీట్రిష్ ష్నైడర్ మగ పురుగు స్పర్శశృంగమునకు విద్యుత్ తంత్రులు తగిలించి, వాసన సోకగానే అందు విద్యుత్ స్పందనము పుట్టునని చూపినారు. కాబట్టి ఆ శృంగము మన ఏరియల్ వంటిదే. అయితే విద్యుత్తు పుట్టునది పురుగు దేహమున. గాలిలో పయనించి వచ్చునది తరంగము గాదు, పదార్థపు అణువు.

ఈ విద్య మన పొలములకును వచ్చినది. పత్తికాయను తొలుచు గులాబీ రంగు పురుగు వాసన 1973లో తెలిసినది. నేడు మన రైతులు పత్తిచేలలో కట్టు లింగాకర్షక బుట్టలలో నున్నది అట్టి వాసనయే. ఉదయమున బుట్టలో పడిన మగ పురుగులను లెక్కించి, మందు చల్లవలసిన అదను వచ్చినదో లేదో రైతు తెలిసికొనుచున్నాడు. మూత బిగించి చూడుమని ఫాబ్ర్ మొదలిడిన పరీక్షకు కొనసాగింపు అదియే.