పిల్లి ముఖం వెనుక

బొమ్మల సినిమా అనగానే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే అలవాటు మనది. 2001లో జపాన్‌లో వచ్చిన 'నెకోజిరు-సో' ఆ అలవాటును మొదటి నిమిషాల్లోనే చెడగొడుతుంది. బయటి దేశాల్లో 'క్యాట్ సూప్' పేరుతో తెలిసిన ఈ సినిమా అరగంటకు కాస్త పైబడి ఉంటుంది. పాత్రలు దాదాపుగా మాట్లాడవు. గుండ్రటి తల, పెద్ద కళ్లున్న రెండు పిల్లిపిల్లలు, తమ్ముడు న్యాతా, అక్క న్యాకో. జబ్బుతో ఉన్న అక్క ప్రాణాన్ని ఎవరో చేయిపట్టి తీసుకుపోతుంటే తమ్ముడు అడ్డుపడతాడు. ఆ పెనుగులాటలో ప్రాణం రెండుగా చీలిపోతుంది. సగమే ఇంటికి చేరుతుంది. లేచి కూర్చున్న అక్క చూపులో ఏమీ ఉండదు. మిగతా సగం కోసం వాళ్లు చేసే ప్రయాణమే కథ. దారిలో ఒక పంది తన మాంసాన్ని వాళ్లకు పెట్టి, తానూ తింటుంది. ఒక గారడీవాడు స్త్రీని ముక్కలు చేసి మళ్లీ అతికిస్తాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు చూస్తుంటారు.

ఈ సినిమా చూసినవాళ్ల స్పందనల్లో తరచుగా కనిపించేవి మూడు. ఇంత ముద్దైన బొమ్మల్లో ఇంత క్రూరత్వమా అన్నది మొదటిది. ఏమీ అర్థం కాలేదు, అయినా వదలడం లేదు అన్నది రెండోది. గీసిన మనిషి ఆత్మహత్య చేసుకుందట, ఇది ఆమె మరణవాంగ్మూలం అన్నది మూడోది. ఈ మూడింటినీ చరిత్రలో పెట్టి చూడాలి.

మొదటిది చూద్దాం. జపాన్‌లో 'కవాయీ' అనే ముద్దుతనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970లలో బడి ఆడపిల్లలు అక్షరాల్ని గుండ్రంగా, బొమ్మల్లా రాయడం మొదలుపెట్టారు. కొన్ని బడులు ఆ రాతను నిషేధించాయి. ఆడపిల్లలు తమకోసం తాము కల్పించుకున్న ఆ ముద్దుతనాన్ని వ్యాపారం త్వరలోనే అందిపుచ్చుకుంది. సాన్రియో కంపెనీ 1974లో 'హలో కిట్టీ'ని తెచ్చింది. దాని రూపకర్త యూకో షిమిజు కూడా స్త్రీయే. ఆ పిల్లికి నోరు లేదు. నోరులేని ముద్దుతనం లోకమంతా అమ్ముడుపోయింది. అలాంటి పిల్లి ముఖాన్నే తీసుకుని, దాని వెనుక కోపం, ఆకలి, నిర్దయ పెట్టింది నెకోజిరు. 1990 నుంచి 'గారో' పత్రికలో ఆమె కామిక్స్ వచ్చాయి. 'నెకోజిరు' అంటే పిల్లి పులుసు. అది ఆమె కలంపేరు. అసలు పేరును, ముఖాన్ని పాఠకులకు దూరంగానే ఉంచింది. కాబట్టి ప్రేక్షకులు ఉలిక్కిపడింది కేవలం రక్తం చూసి కాదు. ముద్దుగా ఉండాల్సినవాళ్లు ముద్దుగా ఉండడం మానేసినందుకు. ఈ ఉలికిపాటు మనకు కొత్తేమీ కాదు.

రెండో స్పందనలో దేశాల తేడా కూడా ఉంది. ప్రాణాన్ని తీసుకుపోయే మూర్తిలో జిజో పోలికలున్నాయి. జిజో అంటే మన క్షితిగర్భ బోధిసత్వుడే. చనిపోయిన పిల్లలకు రక్షకుడని జపాన్‌లో నమ్మకం. 1970ల నుంచి గర్భస్రావమైన, గర్భవిచ్ఛిత్తి జరిగిన పిండాల కోసం స్త్రీలు అతని విగ్రహాలకు ఎర్రటి బట్ట కట్టి పూజలు చేయించడం బాగా పెరిగింది. ఆ పూజల చుట్టూ స్త్రీలలో అపరాధభావం పెంచి సొమ్ము చేసుకుంటున్నారని అక్కడి స్త్రీవాదులు విమర్శించారు. ఇదంతా తెలిసిన ప్రేక్షకురాలికి ఆ మూర్తి ఒక వింత ఆకారం కాదు, దారి పక్కన రోజూ కనబడే మనిషి. తెలియనివాళ్లకు అది అర్థంకాని కల.

గారడీ దృశ్యానికి మాత్రం దేశం లేదు. స్త్రీని రంపంతో రెండుగా కోసే గారడీని పి.టి. సెల్బిట్ 1921 జనవరిలో లండన్‌లో మొదటిసారి ప్రజల ముందు ప్రదర్శించాడు. బ్రిటన్ స్త్రీలలో కొందరికి ఓటు వచ్చి అప్పటికి మూడేళ్లు కాలేదు. ఆ పెట్టెలో పడుకోడానికి రమ్మని ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌కు అతను జీతమిస్తానని కబురు పెట్టాడు. ఆమె వెళ్లలేదు. ప్రచారం కోసమే కావచ్చు. కానీ కోయడానికి అతనికి ఎవరు గుర్తొచ్చారో గమనించండి. గారడీలో రక్తం కనబడదు కనుక జనం ఒక శతాబ్దంగా చప్పట్లు కొట్టారు. అదే కోతను ఈ సినిమా కోతగానే చూపిస్తే 'బీభత్సం' అంటున్నారు.

ఇక మూడోది. నెకోజిరు 1998 మేలో, 31 ఏళ్లకు, తన ప్రాణం తానే తీసుకుంది. సినిమా చివర్లో ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే దీపం ఆర్పినట్టు మాయమవుతారు. అది ఆమె వీడ్కోలని చాలామంది అనుకున్నారు. కానీ ఈ సినిమా ఆమె పోయిన మూడేళ్లకు వచ్చింది. దర్శకుడు తత్సువో సాతో. స్క్రిప్టు అతనూ, మసాకి యువాసా కలిసి రాశారు. ఆ ముగింపు వాళ్ల చేతుల మీదుగా వచ్చింది. 2001 జపాన్ మీడియా ఆర్ట్స్ ఫెస్టివల్‌లో బహుమతి వచ్చింది కూడా ఈ కల్పనకే. ఆమె కామిక్స్ మాటకొస్తే, మొదటి నుంచీ కథల్లో భర్త హజిమె యమానో చేయి ఉంది. ఆమె తర్వాత అతను 'నెకోజిరు-వై' పేరుతో గీశాడు. ఏ గీత ఎవరిది అని ఓపికగా విడదీసి చూడాల్సిన చోట, ప్రేక్షకులు అంతా కలిపి ఆమె మరణం ఖాతాలో వేశారు.

అకుతగవా ర్యూనొసుకె 1927లో ఆత్మహత్య చేసుకున్నాడు. విమర్శకులు అందులో ఒక యుగపు ఆందోళనను చదివారు. 1935లో అతని పేర సాహిత్య బహుమతి పెట్టారు. మగ రచయిత మరణం దేశచరిత్ర అయింది. నెకోజిరు మరణం ఆమె 'జబ్బు'కు రుజువైంది. అప్పటిదాకా బతికి, నవ్వి, గడువులోగా పేజీలు గీసి పంపిన ఎనిమిదేళ్ల పనిమనిషితనం ఎవరి లెక్కలోకీ రాలేదు.

సినిమా చూడండి. అక్క చూపులోని ఖాళీని ఆమెకు అంటగట్టేముందు మాత్రం ఆమె గీసిన పేజీలు కొన్ని తిరగేయండి. వాటిలోని పిల్లులు ఖాళీగా చూడవు. కొరుకుతాయి.