పాత జీపుల పునరుద్ధరణ

పాత జీపుల పునరుద్ధరణ అనగా మూలనపడిన జీపును కొని, వీలైనంతవరకు తొలి రూపానికి తెచ్చి, తిరిగి నడిచే స్థితిలో నిలపడం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచ వంటి అటవీ సరిహద్దు ప్రాంతాలలో ఈ పనికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఇంజను మార్చడం వల్లనే ఎన్నో జీపులు ఇంతకాలం మన్నాయి. ఆ మార్పే వాటికి "వింటేజ్" గుర్తింపును దూరం చేస్తున్నది.

చరిత్ర

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941-45 మధ్య, అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు సైన్యం కొరకు జీపులను తయారుచేశాయి. భారతదేశంలో 1945లో ఏర్పడిన మహీంద్రా అండ్ మహమ్మద్ సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. 1948లో ఈ సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. తరువాత వచ్చిన సి.జె.-3బి నమూనాను ఎత్తైన బానెట్టును బట్టి సులభంగా గుర్తించవచ్చు. దాని పెట్రోలు ఇంజను పొడవైనది కావడమే ఈ ఎత్తుకు కారణం.

కొనుగోలు

తెలుగులో "జీపు" అనే మాట ఆ ఆకారంలో ఉన్న ప్రతి బండికీ వర్తిస్తున్నది కనుక అమ్మకందారు మాటను మాత్రమే నమ్మరాదు. యుద్ధకాలపు జీపులలో అధికభాగానికి ముందరి జాలీలో తొమ్మిది నిలువు చీలికలు, పౌర నమూనాలకు ఏడు ఉంటాయి. అయితే జాలీని ఒక బండి నుండి ఊడదీసి మరొక దానికి బిగించడం కష్టమేమీ కాదు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకంతో సరిపోలడమే అసలైన ఆధారం. అడవి దారులలో తిరిగిన బండ్లకు చాసిస్ మూలలలో బురద పేరుకొని లోపలినుండి తుప్పు పడుతుంది. పైన కొత్త రంగు వేసి ఉంటే ఇది కంటికి కనబడదు. సుత్తితో మెల్లగా తట్టి చూడాలి. ముందు చక్రాలకు శక్తినందించే గేరు పనిచేస్తున్నదో లేదో బండిని నడిపి పరీక్షించాలి.

ఇంజను మార్పు, చట్టం

పెట్రోలు ధర పెరిగిన తరువాత అనేకమంది యజమానులు జీపులకు డీజిల్ ఇంజన్లు అమర్చుకున్నారు. 2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, తొలి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పు లేని సొంత వాహనాలనే వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము రూ. 20,000, గడువు 10 సంవత్సరాలు. ఇలా గుర్తింపు పొందిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనం నింపుకొనుటకు, మరమ్మతులకు తప్ప రోజువారీ పనులకు నడపరాదు. కనుక పొలానికో అడవి దారికో జీపు కావలసినవారికి సాధారణ రిజిస్ట్రేషనే తగినది. అందులోనూ మార్చిన ఇంజను వివరాలు ఆర్.సి.లో నమోదై ఉండాలి.

మరమ్మతు

ముందుగా చాసిస్, ఆ తరువాత బ్రేకులు, స్టీరింగు, ఇంజను, చివరకు రంగు అనే వరుస పాటించడం మంచిది. చాలామంది రంగుతోనే మొదలుపెట్టి, వెల్డింగు సమయంలో దానిని పాడుచేసుకుంటారు. పాత విడిభాగాల కొరకు విజయవాడ ఆటోనగరుకు వెళ్ళడం పరిపాటి. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడంతో, పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని డయాఫ్రమును ఇథనాలుకు తట్టుకునే రకంతో మార్చవలసి ఉంటుంది.