హోప్లోబాట్రాకస్: బోదురుకప్పల వర్గీకరణ చరిత్ర

హోప్లోబాట్రాకస్ దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోను, ఆఫ్రికాలోను ఉండే పెద్ద కప్పల ప్రజాతి. ఇది డైక్రోగ్లాసిడే కుటుంబానికి చెందింది. మనం బోదురుకప్ప అని పిలిచే హోప్లోబాట్రాకస్ టైగెరైనస్ ఇందులో అందరికీ తెలిసిన జాతి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దానితో పాటు హోప్లోబాట్రాకస్ క్రాసస్ అనే మరో జాతి కూడా ఉంది. తొలకరి వానకు మగ బోదురుకప్పలు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. గొంతు కింద నీలి సంచులు ఉబ్బించి రాత్రంతా బెకబెకమంటాయి. వానలు మొహం చాటేసిన ఏడు మన పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపమండలతో ఇంటింటికీ తిప్పి, నీళ్లు పోయించే కప్పతల్లి ఆట ఉంది. ఇంతగా మన బతుకుల్లో కలిసిపోయిన ఈ కప్పకు శాస్త్రంలో స్థిరమైన చోటు దొరకడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

1758లో లిన్నేయస్ కప్పలను, గోదురుకప్పలను, చెట్టుకప్పలను అన్నిటినీ రానా అనే ఒకే ప్రజాతి కింద ఉంచాడు. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మరీ డోడాఁ బెంగాల్ కప్పను రానా టైగెరీనా పేరుతో వర్ణించాడు. చిన్ననాటి జబ్బుతో అతని కాళ్లు చచ్చుబడ్డాయి. అతని పుస్తకాలకు బొమ్మలు గీసింది భార్య అడెల్. బెంగాల్ మడుగుల గట్టున ఎన్నడూ నిలబడని మనిషి పెట్టిన ఆ జాతి పేరే, చిన్న వ్యాకరణ మార్పుతో, నేటికీ నిలిచి ఉంది.

రెండో జాతి కథలో తెలుగునేలకు సంబంధం ఉన్న మనిషి కనిపిస్తాడు. థామస్ కావర్‌హిల్ జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన కాలంలో అక్కడి యానాదులను అడిగి పక్షులు, జంతువుల సంగతులు తెలుసుకున్నాడు. కడప జిల్లాలో 1986లో మళ్లీ కనబడి వార్తల్లోకెక్కిన కలివికోడిని మొదట శాస్త్రలోకానికి పరిచయం చేసింది కూడా ఇతడే. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక 1853 సంపుటిలో దక్షిణాది సరీసృపాల జాబితా ప్రచురిస్తూ, అందులోనే కర్నాటిక్ మైదానాల కప్ప ఒకదాన్ని రానా క్రాసా అని వర్ణించాడు. యానాదుల పేర్లు ఏ కప్ప పక్కనా నమోదు కాలేదు. పొలాన్ని, మడుగును చదవడం తెలిసిన ఆ మనుషుల సాయం లేకుండా ఆ కాలపు ప్రకృతి శాస్త్రం ఒక్క అడుగు కూడా ముందుకు పడేది కాదని నా అభిప్రాయం.

1863లో బెర్లిన్‌కు చెందిన విల్హెల్మ్ పీటర్స్ సింహళం నుంచి వచ్చిన కప్పకు హోప్లోబాట్రాకస్ సెలానికస్ అని పేరు పెట్టి కొత్త ప్రజాతిని ప్రకటించాడు. అది ముందే తెలిసిన జాతేనని తర్వాత తేలింది. దాంతో ప్రజాతి పేరు కూడా మూలన పడింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన బూలెంజె 1920లో కలకత్తా ఇండియన్ మ్యూజియం రికార్డుల్లో ఆసియా కప్పలపై పెద్ద గ్రంథం ప్రచురించినప్పుడు కూడా వీటిని రానాలోనే ఉంచాడు. ఆ మాటే దశాబ్దాల పాటు ప్రమాణంగా చెల్లింది. మన కాలేజీల ప్రయోగశాలల్లో తరతరాల విద్యార్థులు రానా టైగ్రినా అనే పేరు మీదే కప్పను కోసి నేర్చుకున్నారు.

పారిస్ మ్యూజియంలోని అలైన్ డ్యుబోవా 1992లో పీటర్స్ పెట్టిన పేరును మళ్లీ బయటికి తీసి, పూర్తి ప్రజాతి హోదా ఇచ్చాడు. ఈ కప్పలకు ఒక ప్రత్యేకత ఉంది. వీటి తోకకప్పలు నాచు గీక్కుని తినేవి కావు, వేటాడేవి. తోటి తోకకప్పలను కూడా పట్టి తింటాయి. వాటి నోటి చుట్టూ ఉండే కొమ్ముపళ్లు జంట వరసలుగా ఉంటాయి. పెద్ద కప్ప రూపం కన్నా పిల్ల నోరే చుట్టరికాన్ని బాగా చెప్పింది.

2001లో కోసుఖ్, వెన్సెస్, డ్యుబోవా, ఓలర్, బోమె కలిసి మైటోకాండ్రియా డీఎన్ఏను పోల్చి చూశారు. 1858లో గ్యుంథర్ వర్ణించిన ఆఫ్రికా జాతి ఆక్సిపిటాలిస్ ఆసియా జాతుల కొమ్మల మధ్యే మొలిచినట్టు తేలింది. అంటే ఈ వంశం పుట్టిల్లు ఆసియా; ఆఫ్రికా కప్పల పూర్వీకులు ఇక్కడి నుంచి వెళ్లినవారే. 2006లో ఫ్రాస్ట్ బృందం ఉభయచరాల వంశవృక్షాన్ని తిరగరాసినప్పుడు ఇవి రానిడే కుటుంబం నుంచి డైక్రోగ్లాసిడేకు మారాయి. 2012లో బంగ్లాదేశ్ తీరం నుంచి లిటోరాలిస్ అనే కొత్త జాతి చేరింది. చైనా, ఆగ్నేయాసియా జాతికి 1834 నాటి రుగ్యులోసస్ పేరు చెల్లుతుందా, 1765లో ఆస్‌బెక్ పెట్టిన చైనెన్సిస్ చెల్లుతుందా అన్న వాదన కూడా చాలాకాలం నడిచింది.

ఈ మార్పుల ప్రభావం పుస్తకాలకే పరిమితం కాలేదు. కప్పకాళ్లను విదేశాలకు పంపే వ్యాపారం పెరిగిపోవడంతో 1985లో టైగెరైనస్ జాతి అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలులో కప్పలకు రానా పేరు మీదే రక్షణ ఉండేది. శాస్త్రం ఆ పేరు వదిలేశాక కూడా చట్టం ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని ఉంది. 2022 సవరణతో ఆ షెడ్యూళ్లు మారాయి. ఇదే కప్ప అండమాన్ దీవులకు చేరి అక్కడి స్థానిక కప్పల పిల్లలను మింగేస్తోంది. ఒకచోట కాపాడాల్సింది మరోచోట అదుపు చేయాల్సి వస్తోంది గనుక ఏది ఏ జాతో కచ్చితంగా తెలియాలి.

హైదరాబాద్‌కు ఈ పనిలో మంచి బలం ఉంది. అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రం, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఉన్నాయి. కప్పలను చంపే కైట్రిడ్ బూజు మన దేశంలో ఎలా ఉందో లాకోన్స్ శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించారు. నేల మాత్రం తరిగిపోతోంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటికి మాదాపూర్ చుట్టూ బండరాళ్లు, పొదలు, వానాకాలం కుంటలు ఉండేవి. ఈ కప్పలు గుడ్లు పెట్టేది అలాంటి తాత్కాలిక నీటిలోనే. దుర్గం చెరువుకు కేబుల్ వంతెన, దీపాలు వచ్చాయి. చిన్న కుంటల్లో చాలావాటి మీద భవనాలు లేచాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో చెరువులూ రాళ్లూ ఇంకా మిగిలి ఉండటం ఈ ప్రాంతానికి పెద్ద వరం.

ఐటీ ఆవరణల్లో జీవుల జాబితాలు రాసేవారికి ఒక విన్నపం. వట్టి బుల్‌ఫ్రాగ్ అని రాయకండి. ఆ పేరుతో అమెరికాలో వేరే కప్ప ఉంది. వెనక పాదం లోపలి అంచున పారలాంటి గట్టి బుడిపె ఉందేమో చూడండి. ఉంటే అది మట్టి తవ్వే క్రాసస్, లేకపోతే టైగెరైనస్. ఫొటో, తేదీ, చోటుతో పాటు జాతి పేరు కూడా నమోదు చేయండి.