మేకపాలు, చీజ్: వేడి లేకుండా శుద్ధి ఎంతవరకు సాధ్యం?

మేకపాల ఉత్పత్తిలో ప్రపంచంలో భారత్‌దే అగ్రస్థానం. 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్ల మేకలున్నాయి. డెంగీ ప్రబలినప్పుడు ఈ పాలకు ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది. పచ్చిగా తాగితేనే గుణమన్న నమ్మకమూ ఉంది. ప్రమాదమంతా అక్కడే. మేకలకు సోకే బ్రూసెల్లా మెలిటెన్సిస్ బ్యాక్టీరియా పచ్చిపాల ద్వారా మనుషులకు చేరి, విడిచి విడిచి వచ్చే జ్వరాన్ని కలిగిస్తుంది. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను పీడించిన జ్వరానికి మూలం మేకపాలలో ఉన్నట్లు 1905లో థెమిస్టోక్లిస్ జమిత్ గుర్తించారు.

72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్ల పాశ్చరీకరణతో ఈ ముప్పు తొలగుతుంది. చిక్కు అంతకు మించిన వేడితోనే. ఆవుపాలకంటే మేకపాలలో అయానిక కాల్షియం ఎక్కువ. అందువల్ల దీర్ఘకాలిక నిల్వ కోసం 135 డిగ్రీలకు పైగా వేడిచేస్తే మాంసకృత్తులు గడ్డకట్టి అడుగున మడ్డి పేరుకునే అవకాశముంది. అధిక వేడికి గురైన పాల నుంచి చీజ్‌కు కావలసిన గట్టి పెరుగుముద్ద కూడా రాదు.

ప్రత్యామ్నాయాల్లో ముఖ్యమైనది అధిక పీడన పద్ధతి. పీడనంతో పాలను నిల్వచేసే ప్రయోగ ఫలితాలను అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బెర్ట్ హైట్ 1899లోనే ప్రకటించారు. ప్యాక్ చేసిన ఆహారాన్ని నీటితో నిండిన ఉక్కు పాత్రలో ఉంచి, కొన్ని నిమిషాలపాటు 400 నుంచి 600 మెగాపాస్కల్స్ ఒత్తిడి కలిగిస్తారు. 600 మెగాపాస్కల్స్ అంటే వాతావరణ పీడనానికి దాదాపు 6,000 రెట్లు. మెత్తని తాజా మేక చీజ్‌కు ఇది ప్రత్యేకంగా ఉపయోగకరం. పాలను ముందే పాశ్చరీకరించినా, తయారీలో చేతులు మారేటప్పుడు లిస్టీరియా చేరవచ్చు. ప్యాకెట్‌లో పెట్టాక పీడనానికి గురిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అయితే బ్యాక్టీరియా బీజకణాలు ఈ ఒత్తిడికీ చావవు. కనుక శీతలీకరణ తప్పదు.

మిగతా పద్ధతులకు పరిమితులు ఎక్కువ. సూక్ష్మవ్యవధి విద్యుత్ స్పందనలు ద్రవాలకే పనికివస్తాయి. పాలు పారదర్శకం కానందున అతినీలలోహిత కిరణాలు లోపలికి చొచ్చుకుపోవు. పలుచని పొరగా ప్రవహింపజేయాలి, మోతాదు మించితే రుచి చెడుతుంది. ఐరోపా సమాఖ్య 2016లో ఆవుపాలకు ఈ ప్రక్రియను అనుమతించినా, అది పాశ్చరీకరణ తర్వాత విటమిన్ డి పెంచేందుకే. 1.4 మైక్రాన్ల రంధ్రాలున్న పొరతో వడకట్టాలంటే ముందుగా వెన్న తీయాలి. అల్ట్రాసౌండ్ తనంతట తానే పాలను వేడెక్కిస్తుంది గనుక దాన్ని ‘వేడి లేని’ పద్ధతి అనడం కొంత అతిశయోక్తే.

పారిశ్రామిక పీడన యంత్రం ధర కోట్ల రూపాయల్లో ఉంటుంది. గ్రామంలో లీటరు, రెండు లీటర్లు అమ్ముకునే పెంపకందారుకు, కొనేవారికి అందుబాటులో ఉన్న రక్షణ నేటికీ మరిగించడమే.